మరణ సేవకు ఇద్దరు కావాలి

బొడ్డేపల్లి హైమావతి రాసిన ఉత్తరం మొత్తం రెండు పేజీలు. అందులో ఒక్క తప్పు లేదు, ఒక్క అతిశయం లేదు. తర్వాత జరిగినదానికంతా ఆ ఉత్తరమే కారణమంటే ఆమెకే చాలాకాలం నమ్మబుద్ధి కాలేదు.

హైమావతి విశాఖపట్నంలో పౌర నమోదు సాఫ్ట్‌వేర్ కేంద్రంలో సీనియర్ ప్రోగ్రామర్. రాష్ట్రంలో ఎవరు పుట్టినా, పెళ్ళి చేసుకున్నా, ఇల్లు మారినా, ఉద్యోగంలో పైకెక్కినా, కన్నుమూసినా ఆ సంగతిని కంప్యూటర్లోకి ఎక్కించే చిన్న చిన్న ప్రోగ్రాములు ఆ కేంద్రంలో తయారవుతాయి. వాటిని ఫంక్షన్లంటారు. అలాంటివి నాలుగు వందల పన్నెండు కలిపితే ఒక లైబ్రరీ. ఈ సంగతి బంధువులకు చెప్పి చెప్పి హైమావతి అలిసిపోయింది. "మొత్తం నాలుగొందల ఫంక్షన్లా! భోజనాలు ఎవరికిచ్చారే?" అని మేనత్త నోరు తెరిచాక ఇక చెప్పడం మానేసింది.

ప్రతి ఫంక్షన్‌కూ కొన్ని వివరాలు అందించాలి. వాటిని ఆర్గ్యుమెంట్లంటారు. ఇబ్బందంతా అక్కడే. ఆ లైబ్రరీ పదిహేనేళ్ళుగా పదిమంది చేతుల్లో పెరిగింది. చాలా ఫంక్షన్లకు ముందు పేరు చెప్పి తర్వాత ఊరు చెప్పాలి. ఓ పదకొండింటికి మాత్రం ముందు ఊరు చెప్పి తర్వాత పేరు చెప్పాలి. ఏది ఎలాంటిదో గుర్తుండక గుమాస్తాలు తడబడేవారు. చిరునామా మార్పించుకోవడానికి వెళ్ళిన ఒకాయన "అనకాపల్లి" అనే పేరుతో, "సత్యారావు" అనే ఊళ్ళో తేలాడు.

ఆ పదకొండింటినీ మిగతావాటి వరసలోకి తెస్తే గొడవ వదిలిపోతుందని హైమావతి రాసింది. రెండు రోజుల పని అని కూడా రాసింది.

కేంద్రం సంచాలకులు డాక్టర్ కొప్పుల ధర్మాంగదరావు గారు. ఆయన ఆ నెలలోనే అరకులో "పరిపాలనలో ఏకరూపత" అనే విషయం మీద మూడు రోజుల శిక్షణ పొంది వచ్చారు. వచ్చిన మర్నాడే ఆఫీసులో కుర్చీలన్నిటినీ ఒకే ఎత్తుకు కోయించారు. హైమావతి పక్క సీటులో కూర్చునే లగుడు గోవిందు ఆరడుగుల మనిషి. అప్పటినుంచీ మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని ప్రోగ్రాములు రాస్తున్నాడు. కుర్చీల తర్వాత ఏమిటా అని సంచాలకులు ఆలోచిస్తున్న సమయానికి హైమావతి ఉత్తరం ఆయన బల్ల మీదికి చేరింది.

"అమ్మా హైమావతీ, ఇది ఉత్తరం కాదు. ఉద్యమం" అన్నారు ఆయన, కళ్ళద్దాలు తీసి.

"పదకొండే సార్" అంది హైమావతి.

"నాలుగు వందల పన్నెండూ" అన్నారు ఆయన.

వారం తిరగకుండా ఏకరూపతా సాధన ఉన్నతస్థాయి సంఘం ఏర్పడింది. సంచాలకులు అధ్యక్షులు, హైమావతి కార్యదర్శి, మినిట్స్ రాయడానికి గోవిందు.

మొదటి సమావేశంలో పేర్లు తేలాయి. ప్రతి ఫంక్షన్ పేరూ "సేవ"తోనే ముగియాలి. జనన సేవ, వివాహ సేవ, బదిలీ సేవ, మరణ సేవ. రెండో సమావేశంలో వరస తేలింది. ఇద్దరు మనుషులున్న చోట వయసులో పెద్దవారి పేరు ముందు, చిన్నవారిది తర్వాత. ఇచ్చేది ఏదైనా ముందున్న వారికే ముందు అందాలి. ఇంతవరకూ హైమావతికి అభ్యంతరమేమీ కనిపించలేదు. ఆ పదకొండూ కూడా ఏదో ఒకనాటికి ప్రస్తావనకు వస్తాయని ఆమె ఓపిగ్గా కూర్చుంది.

మూడో సమావేశంలో సంచాలకులు జాబితా మీద వేలు పెట్టి ఆగిపోయారు.

"వివాహ సేవకు మనుషులెందరు?"

"ఇద్దరు సార్."

"మరణ సేవకు?"

"ఒక్కరే సార్."

"ఎందుకని?"

పదహారేళ్ళ సర్వీసులో ఈ ప్రశ్న ఎవరూ వేయలేదు. హైమావతి కాసేపు తడుముకుంది. "మనిషి ఒక్కడే పోతాడు కదా సార్."

"అది వాడుక. వాడుక వేరు, ప్రమాణం వేరు. ఒకే లైబ్రరీలో ఒక సేవకు ఇద్దరూ, మరొక సేవకు ఒక్కరూ అంటే రేపు గుమాస్తా ఏది గుర్తు పెట్టుకుంటాడు? ఇది నీ ఉత్తరంలోని మాటేనమ్మా, నేను విస్తరిస్తున్నాను."

"అయితే అన్నిటికీ ఒక్కరే అని పెట్టేద్దాం సార్" అన్నాడు గోవిందు, తొందరగా ఇంటికి వెళ్ళే ఉద్దేశంతో.

"ఒక్కరితో వివాహం చట్టరీత్యా చెల్లదు. అది మారదు కాబట్టి మిగిలినవే మారాలి. ఇకమీదట ఏ సేవకైనా మనుషులు ఇద్దరు. ఆర్గ్యుమెంట్లు రెండు. మించకూడదు, తగ్గకూడదు. రాసుకో."

"ఈ రూలు మా ఇంటికి కూడా వర్తింపజేయండి సార్. అక్కడ పొద్దున్న కాఫీకే అయిదారు ఆర్గ్యుమెంట్లు అయిపోతన్నాయి."

సంచాలకులు నవ్వలేదు. "సభ్యులు ఈ ప్రమాణాన్ని గృహస్థాయికి విస్తరింపజేయవలసిందిగా సూచించారు" అని మినిట్స్‌లో రాయించారు.

ఆ తర్వాత మరో రెండు తీర్మానాలు వెంట వెంటనే అయిపోయాయి. ప్రతి సేవకూ దాన్ని వెనక్కి తిప్పే ప్రతిసేవ ఒకటి ఉండాలి. వివాహానికి విడాకులున్నప్పుడు జననానికి, మరణానికి ఎందుకు ఉండకూడదన్నది ప్రశ్న. ఎవరి దగ్గరా సమాధానం లేకపోవడంతో జనన ప్రతిసేవ, మరణ ప్రతిసేవ పుట్టాయి. ఇక ఏ సేవ పూర్తయినా పౌరుడి ఫోనుకు ఒకే సందేశం వెళ్ళాలి: "అభినందనలు! మీ సేవ విజయవంతంగా పూర్తయింది. మళ్ళీ రండి."

హైమావతి వ్యతిరేకంగా నాలుగు పేజీల నోటు పెట్టింది. దాని మీద సంచాలకులు "మునుపటి ఉత్తరం రెండు పేజీలు, ఇది నాలుగు. ఏకరూపత పాటించగలరు" అని రాసి తిప్పి పంపారు. ఎవరూ రహస్యంగా పాత పద్ధతికి మార్చకుండా ఒక తనిఖీ ప్రోగ్రాం కూడా కాపలా పెట్టించారు. ఇద్దరికి తక్కువైతే చాలు, అది తిప్పికొట్టి మెమో జారీ చేస్తుంది. హైమావతి ఓసారి ప్రయత్నించి చూసింది. మెమో వచ్చింది. ఇద్దరికి. అన్యాయంగా గోవిందు పేరు కూడా అందులో ఉంది.

ఏప్రిల్ ఒకటిన కొత్త లైబ్రరీ రాష్ట్రమంతటా అమల్లోకి వచ్చింది.

ముందుగా ఆసుపత్రుల నుంచి కబుర్లు వచ్చాయి. బిడ్డ పుట్టగానే నమోదు చేద్దామంటే రెండో బిడ్డ ఏదని కంప్యూటరు అడుగుతోంది. తండ్రులు చంటిబిడ్డల్ని ఎత్తుకుని వరండాలో నిలబడి, పక్క మంచం ఆవిడకు నొప్పులు ఎప్పుడొస్తాయా అని ఎదురు చూడసాగారు. ఇద్దరు పుట్టగానే వాళ్ళను కవలలుగా ఎక్కించేసేవారు. ఒక చోట జతకు ముందు మేమంటే మేమని ఇద్దరు తండ్రులు కలబడ్డారు. మరో చోట ఆ ఎదురుచూపుల్లోనే స్నేహం కలిసి వియ్యమందుకుందామని మాట ఇచ్చిపుచ్చుకున్నారు గానీ, కాగితాల మీద ఆ పిల్లలు అన్నాచెల్లెళ్ళయిపోయారని తర్వాత తెలిసింది. నెలాఖరుకు రాష్ట్రంలో నూటికి నూరు కాన్పులూ కవలలే. "గర్భిణులకు మేం పంచిన కోడిగుడ్ల ఫలితమిది" అని మరో శాఖ ప్రకటన విడుదల చేసింది.

ఇవన్నీ విని హైమావతి తలపట్టుకునేది. అయినా అవి కబుర్లే. మే నెల చివర్లో ఒక ఉదయం మనిషే వచ్చింది.

యాభై అయిదేళ్ళుంటాయి. ఎండకు కందిన మొహం, ముతక నేత చీర, చేతిలో ప్లాస్టిక్ సంచీ. పెదజాలరిపేట నుంచి నడిచి వచ్చింది. పేరు మైలపల్లి నూకాలమ్మ.

"ఈ కంప్యూటర్లలో మనుసుల్ని రాసేది నువ్వేనేటమ్మా?" అంది హైమావతి ఎదురుగా నిలబడి.

"అవునమ్మా. ఏమైంది?"

"నాను సచ్చిపోనాను."

హైమావతి లేచి కుర్చీ వేసింది. అది చాలా పొట్టి కుర్చీ. నూకాలమ్మ దాన్ని ఒకసారి చూసి నేల మీదే కూర్చుంది.

"మా ఆయన ఎర్రయ్య ఏప్రిల్ పన్నెండున పోనాడమ్మా. ఊపిరితిత్తుల జబ్బు. కాయితం కోసరం వార్డు ఆఫీసుకెల్తే మీ ఇంట్లో రెండో మనిసెవులన్నారు. పెల్లాన్ని, నానుండగా ఇంకెవులు, నా పేరే రాసుకోండన్నాను. రాసుకున్నారు. ఇంటికెల్లేలోగా ఫోను టింగుమన్నాది. ఎదురింటి పిల్ల సదివింది. అబినందనలు, మల్లీ రండి, అని."

గోవిందు తలెత్తకుండా కీబోర్డు తుడవసాగాడు.

"తరవాత తెప్ప నా పేరున మార్పించుకుందామని మత్స్యసాక ఆఫీసుకెల్నాను. నువ్వు సచ్చిపోనావు, నీ పేరున తెప్ప ఎలాగ రాస్తామన్నారు. మల్లీ వార్డు ఆఫీసుకొచ్చి ఏడిస్తే, ఆ ఎనక్కి తిప్పేది ఏదో ఉందట కదా, అది కొట్టారు. నాను బతికినాను. ఆయనా బతికీసినాడు."

"ఆయన కూడానా?"

"ఇద్దరికీ కలిపే గాని అవదంట. ఇప్పుడు మత్స్యసాకోలు ఏటంతన్నారంటే, నీ మొగుడు బతికే ఉన్నాడు, తెప్ప ఆడి పేరునుంది, ఆణ్ణి తీసుకొచ్చి ఏలిముద్ర ఏయించమంతన్నారు. ఎక్కణ్ణించి తేనమ్మా ఏలిముద్ర?"

హైమావతి కంప్యూటర్లో వెతికింది. మైలపల్లి ఎర్రయ్య, మైలపల్లి నూకాలమ్మ. ఇద్దరూ సజీవులు. మీట నొక్కితే ఇద్దరూ మృతులు. మళ్ళీ నొక్కితే ఇద్దరూ సజీవులు. భర్త పోయి భార్య మిగిలే దారి ఆ లైబ్రరీలో ఎక్కడా లేదు.

"మా మరిది, అల్లుడు ఆ తెప్ప మీదే బతుకుతన్నారు" అంది నూకాలమ్మ. "ఏట నిసేదం జూన్ పద్నాలుగున అయిపోద్ది. ఆ తెల్లారికి పేటలో తెప్పలన్నీ సముద్రంలోకి ఎల్తాయి. కాయితం నేకపోతే మాది ఒడ్డునుండిపోద్ది. ఎవుడమ్మా ఈ రూలు ఎట్టినాడు?"

హైమావతి నోటిదాకా వచ్చిన జవాబు మింగేసింది. మొదటి ఉత్తరం కింద ఉన్న సంతకం తనదే.

ఆమె నూకాలమ్మను వెంటబెట్టుకుని సంచాలకుల గదిలోకి వెళ్ళింది. ఆయన అంతా విన్నారు. విని, చిరునవ్వుతో గోడ మీది పటాన్ని చూపించారు. అందులో ఒక గీత ఏప్రిల్ ఒకటి దాకా ఎత్తులోనే సాగి, ఆ రోజు ఒక్కసారిగా నేలకు దిగి, అక్కణ్ణుంచి తిన్నగా పడుకుంది.

"ఇదేమిటో తెలుసా? ఏప్రిల్ నుంచి ఈ రాష్ట్రంలో కొత్తగా నమోదైన వితంతువుల సంఖ్య. సున్న. తరతరాలుగా ఎందరో మహానుభావులు పాటుపడి సాధించలేనిది మనం రెండు ఆర్గ్యుమెంట్లతో సాధించాం. వైధవ్య నిర్మూలన! రాజధానికి నివేదిక పంపాను."

"నా మొగుడు సచ్చిపోనాడు బావూ" అంది నూకాలమ్మ.

"రికార్డు ప్రకారం మీరు సుమంగళి. సంతోషించాలి."

"అలాగయితే ఆణ్ణి ఓపాలి ఇంటికి రమ్మని సెప్పండి. తెప్ప కాయితాలకే. ఏలిముద్ర ఏసి ఎల్లిపోమనండి."

సంచాలకులు గొంతు సవరించుకున్నారు. "అది మా శాఖ పరిధిలోకి రాదు."

"సార్, ఈవిడ ఒక్కరికి మినహాయింపు ఇవ్వండి" అంది హైమావతి. "నేను చేతితో రాసి సరిచేస్తాను."

"మినహాయింపా? ఒక్కరికిస్తే ఏకరూపత పోతుంది. ఇస్తే అందరికీ ఇవ్వాలి. అందరికీ ఇస్తే అది మినహాయింపు కాదు, ప్రమాణం. వెళ్ళిరండి."

బయటికొచ్చాక నూకాలమ్మ ఏడవలేదు. సంచీలోంచి భర్త ఫోటో తీసి ఓసారి చూసి, "బతికున్నన్నాల్లూ ఏ ఆఫీసుకీ రాలేదు మాయదారి మనిసి" అని మళ్ళీ సంచీలో పెట్టుకుంది. ఆమె మెట్లు దిగి ఎండలోకి వెళ్ళిపోయేదాకా హైమావతి గుమ్మంలోనే నిలబడి చూసింది. ఏదో ఒకటి చేయాలి. ఏం చేయాలో తెలియదు.

సరిగ్గా వారానికి దారి దానంతటదే దొరికింది. వైధవ్య నిర్మూలనకు మెచ్చి, సంచాలకులను రాజధానిలో అదనపు కమిషనర్‌గా నియమిస్తూ ఉత్తర్వు వచ్చింది. ఆఫీసులో లడ్డూలు పంచారు, అన్నీ ఒకే సైజువి. మధ్యాహ్నానికి ఆయన హైమావతిని పిలిపించారు. మొహంలో లడ్డూ లేదు.

"నా పదోన్నతి కంప్యూటర్లోకి ఎక్కడం లేదమ్మా."

హైమావతి తెర వైపు వంగి చూసింది. "రెండో ఆర్గ్యుమెంట్ ఖాళీగా ఉంది సార్. పదోన్నతి సేవకు ఇద్దరు కావాలి."

"పోస్టు ఒక్కటే కదా!"

"అది వాడుక సార్" అంది హైమావతి నెమ్మదిగా.

ఆయన కుర్చీలో అటూ ఇటూ కదిలారు. "నా హోదాలో ఉన్నది రాష్ట్రంలో ఇంకొక్కడే. కర్నూలులో ఉంటాడు. వాడితో పదేళ్ళుగా మాటల్లేవు. వాణ్ణి నా పక్కన ఎక్కించే ప్రశ్నే లేదు. పదో తేదీలోగా చేరకపోతే పోస్టు వాడికే పోతుంది. నువ్వు చేతితో రాసి సరిచేయలేవూ?"

"మినహాయింపు అవుతుంది సార్."

 

"ఒక ఉపాయం ఉంది సార్" అంది హైమావతి. "మా ప్రోగ్రామర్లకు ఏమీ లేదనడానికి కూడా ఒక విలువ ఉంటుంది. శూన్యం అంటాం. దాన్నే ఒక మనిషిగా నమోదు చేద్దాం. పేరు శూన్యం. రెండో మనిషి దొరకని చోట ఆయన్ని పెట్టుకోవచ్చు. ఆర్గ్యుమెంట్లు రెండూ ఉంటాయి, తనిఖీ ఒప్పుకుంటుంది, మనిషి ఉండడు."

సంచాలకుల కళ్ళు మెరిశాయి. "నాకు పోటీ రాడు కదా?"

"లేని మనిషి సార్."

"అయితే నా పదోన్నతికి పెట్టేయ్."

"ఒక్క దానికే పెడితే ఏకరూపత పోతుంది సార్. పెడితే అన్ని సేవలకూ పెట్టాలి. ఇవ్వాళే."

ఆయన సంతకం చేశారు. చదవలేదు కూడా.

ఆ సాయంత్రం అయిదింటికి శూన్యం రాష్ట్ర పౌరుడయ్యాడు. అయిదుంపావుకు హైమావతి స్వయంగా మైలపల్లి ఎర్రయ్య పక్కన అతని పేరు రాసి, ఇద్దరికీ కలిపి మరణ సేవ పూర్తి చేసింది. తెర మీద నూకాలమ్మ పేరు ఒంటరిగా, సజీవంగా నిలిచింది. గోవిందు పొట్టి కుర్చీలోంచి లేచి హైమావతి చేయి పట్టుకుని ఊపాడు.

తర్వాతి మూడు రోజుల్లో శూన్యానికి తీరిక లేకపోయింది. ఎనిమిది వేలసార్లు పుట్టాడు, మూడు వేలసార్లు పోయాడు. శ్రీకాకుళం నుంచి కర్నూలు దాకా ఎక్కడెక్కడికో బదిలీ అయ్యాడు. నర్సీపట్నంలో తొంభై మూడేళ్ళ ముసలాయన ఒకరు ఇన్నాళ్ళకు తన జనన ధ్రువపత్రం తీసుకున్నాడు. ఆయనకు జతగా పుట్టడంతో శూన్యానికి వయసు కూడా తొంభై మూడయింది.

ఆ సంగతి హైమావతికి తెలుసు. సంచాలకులకు చెప్పాలా అని కూడా అనుకుంది. ఆయన అడగలేదు కాబట్టి చెప్పలేదు.

సంచాలకులు ముహూర్తం చూసి పెట్టుకున్న ఎనిమిదో తేదీన పదోన్నతి సేవ నడిచింది. వయసులో పెద్దవారి పేరు ముందు రావాలి. ఇచ్చేది ముందున్న వారికే ముందు అందాలి. ఉన్నది ఒక్క పోస్టు. "శ్రీ శూన్యం గారిని అదనపు కమిషనర్‌గా నియమించడమైనది. డాక్టర్ ధర్మాంగదరావు గారు వారి వద్ద సహాయకులుగా చేరవలెను" అని ఉత్తర్వు వెలువడింది. ఆయన ఫోను టింగుమంది. అభినందనలు.

రాజధానిలో శూన్యం గారి గది ముందు పేరు పలక పెట్టారు. లోపల కొత్త కుర్చీ వేశారు. అన్యాయం జరిగిందని ధర్మాంగదరావు గారు అర్జీ రాసుకున్నారు గానీ, అర్జీలన్నీ అదనపు కమిషనర్ సంతకంతోనే పైకి వెళ్ళాలి. ఆయన ఫైలు పట్టుకుని వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. అయ్యగారు ఇంకా రాలేదని అటెండరు రోజూ వినయంగా చెబుతున్నాడట. ఆఫీసులో మాత్రం కొత్త అదనపు కమిషనర్ గారికి మంచి పేరే వచ్చింది. కొత్త రూళ్ళు పెట్టరని, ఎవరి మీదా అరవరని అందరూ మెచ్చుకుంటున్నారు.

జూన్ పన్నెండున హైమావతి సెలవు పెట్టి, ధ్రువపత్రం తీసుకుని పెదజాలరిపేట వెళ్ళింది. నూకాలమ్మను ఆటోలో ఎక్కించుకుని మత్స్యశాఖ ఆఫీసుకు తీసుకెళ్ళింది. పదిన్నరకల్లా తెప్ప నూకాలమ్మ పేరుకు మారింది. వేలిముద్ర వేసి, ఆ సిరా వేలిని ఆమె చాలాసేపు చూసుకుంది.

ఆ రోజు ఎర్రయ్య పోయి సరిగ్గా రెండు నెలలు. భోజనం చేసి గాని కదలనివ్వనంది నూకాలమ్మ. ఇంటి వెనక ఇసకలో చనిపోయినవాళ్ళ కోసం విస్తరి వేస్తూ, ఆ కాగితం ఓసారి చదివి వినిపించమంది.

హైమావతి చదివింది. "మరణించిన వారు: శ్రీ మైలపల్లి ఎర్రయ్య, శ్రీ శూన్యం."

"ఈ సూన్యం ఎవుడమ్మా?"

"ఎవరూ కాదమ్మా. లేని మనిషి. కంప్యూటరు ఒప్పుకోవాలని పెట్టాం."

"పెల్లాం పిల్లలు?"

"లేరు."

"అమ్మా నాన్నా?"

"లేరమ్మా. ఎవరూ లేరు."

"అయ్యో, దిక్కు నేనోడా!" నూకాలమ్మ లోపలికి వెళ్ళి ఇంకో విస్తరాకు తెచ్చింది. ఎర్రయ్య విస్తరి పక్కనే పరిచి, దాని మీదా అన్నం పెట్టింది, కోనాం చేప పులుసు వేసింది. ఒక ముక్క ఎక్కువే వేసింది. "మా ఆయనతో కూడా ఎల్నాడు కదా. ఒకడికి ఎట్టి ఒకడికి మానీడం బాగుంటదేటి?"

 ఇద్దరూ పక్కకు జరిగి గోడ నీడలో నిలబడ్డారు. ఒడ్డున మరిదీ అల్లుడూ తెప్పకు రంగు పూస్తున్న చప్పుడు వినిపిస్తోంది. కాసేపటికి పెంకుటింటి మీంచి కాకి ఒకటి దిగింది. ఎర్రయ్య విస్తరి చుట్టూ ఓసారి నడిచింది. తల పక్కకు వంచి చూసింది. తర్వాత గెంతి శూన్యం విస్తరి మీద వాలి, చేప ముక్క నోట కరుచుకుంది.

నూకాలమ్మ పమిట కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"పాపం, ఎన్నాల్లయిందో తిని" అంది.